మూటలో వంటిల్లు

కార్తీకంలో ఒక ఆదివారం రాయ్‌పూర్ తెలుగువాళ్ళం పాతిక కుటుంబాల దాకా ఆరంగ్ దాటి మహానది ఒడ్డుకి వనభోజనాలకి వెళ్ళాం. ఉసిరిచెట్టు దొరకలేదు. ఎవరో ఇంటి దగ్గర విరిచి తెచ్చిన కొమ్మని మామిడిచెట్టు మొదట్లో గుచ్చి, అదే ఉసిరిచెట్టని అందరం ఒప్పేసుకున్నాం. గ్యాసు సిలిండర్లు వచ్చాయి. రెండు పెద్ద ఇనప పొయ్యిలు వచ్చాయి. గుండిగలు, డేగిసాలు, నీళ్ళ డ్రమ్ము, పాటలకి స్పీకరు, ఫోన్లకి ప్రాణం పోసే బ్యాటరీ డబ్బాలు కూడా వచ్చాయి. శాస్త్రి మార్కెట్లో ‘అమారీ భాజీ’ అని అడిగి కొన్న గోంగూర కందిపప్పుతో కలిసి మెత్తగా ఉడికింది. ఎనుపుదామని చూస్తే పప్పుగుత్తి లేదు.

ఒకాయన గరిటె వెనక్కి తిప్పి నొక్కితే పప్పు పక్కకి జరిగి, మళ్ళీ తన చోటికి తాను వచ్చి కూర్చుంది. ఒక కుర్రాడు స్టీలు చెంబు అడుగుతో ప్రయత్నించి వేళ్ళు కాల్చుకున్నాడు. ఇంట్లో అయితే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పేదాన్ని అంది ఒకావిడ. అలా తిప్పితే గోడలకి పూసుకోవడానికి పనికొస్తుంది గానీ అన్నంలోకి పనికిరాదంది ఇంకొకావిడ. ఈ చర్చ నడుస్తుండగా, చాప మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్న మామ్మగారొకరు తన గుడ్డసంచిలోంచి పాత తువ్వాలు మూట తీశారు.

“ఏటి బాబూ, ఇన్ని తెచ్చినారు, పప్పుగుత్తి మర్సిపోనారా?”

మూటలో నాలుగే వస్తువులు. పప్పుగుత్తి, అట్లకాడ, పోపు గరిటె, చిన్న చాకు. పప్పుగుత్తి తల గుండ్రంగా, చుట్టూ నిలువు గాళ్ళతో, పాతబడి నల్లగా నిగనిగలాడుతోంది. ఒకవైపు గాళ్ళు బాగా అరిగిపోయి ఉన్నాయి. ఆవిడ ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకుని గిన్నె గోడకేసి పప్పుని ఒత్తుతారట, అందుకని ఆ వైపే అరిగింది. అది కుర్రాడి చేతిలో పెడితే వాడు తిన్నగా నిలబెట్టి దంచబోయాడు. “రోకలి కాదురా అది” అని ఆవిడ లేచి వచ్చారు. ఎనభై దాటిన చెయ్యి. పది నిమిషాల్లో గుండిగెడు పప్పు దారికొచ్చింది. అక్కడక్కడా బద్ద తగులుతూ, గోంగూర పీచు కనబడుతూ, పప్పు ఎలా ఉండాలో అలా.

ఆ రోజు నుంచీ ఈ నాలుగు వస్తువుల మూట నా బుర్రలో తిరుగుతోంది.

ఆవిడది పార్వతీపురం వైపు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా వచ్చి ఆగిన రైలుపట్టా కొండలూ అడవులూ దాటుకుని రాయ్‌పూర్‌ని కలిసింది 1931లో. అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే. ఆ దారి వెంట మనవాళ్ళు గ్యాంగుల్లో, లోకో షెడ్లలో, తర్వాత ఇక్కడి వ్యాగన్ మరమ్మతు కార్ఖానాలో పనులకి వచ్చారు. కార్ఖానా పేరే కాలనీకీ పడింది, డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ. అక్కడి సందుల్లో సాయంత్రం నడిస్తే ఇప్పటికీ ఇంగువ పోపు వాసన ముందు పలకరిస్తుంది, తర్వాతే మనిషి. ఇనుముతో పని చేయడానికి పక్కనే భిలాయికి 1950ల చివర్లో ఇంకో పెద్ద గుంపు వచ్చింది. అలా వచ్చినవాళ్ళెవరూ రోలు మోసుకు రాలేదు. మామ్మగారు పెళ్ళయి వాల్తేరు పాసింజర్లో వచ్చినప్పుడు ఆవిడ అమ్మ కట్టి ఇచ్చింది ఒక బుట్ట. అందులో ఈ పప్పుగుత్తి, అట్లకాడ, జంతికల గొట్టం, ఊరగాయ జాడీ. రోలు ఎక్కడైనా దొరుకుతుంది, చేతివాటం దొరకదు కదా అందిట ఆ తల్లి.

ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని గోల్ బజార్‌కి పోయాను. గోల్ బజార్ రాయ్‌పూర్‌కి పాత పొట్ట. పెళ్ళి సామానూ పూజ సామానూ గిన్నెలూ గరిటెలూ అన్నీ ఆ ఇరుకు సందుల్లోనే. దుకాణదారుకి చేత్తో పప్పు ఎనిపే అభినయం చేసి చూపించాను. ఆయన నవ్వి మజ్జిగ చిలికే మథనీ తీసి ఇచ్చాడు. కాదు, పప్పుకి అన్నాను. పప్పుకైతే ఇంకొంచెం పెద్ద మథనీ ఇచ్చాడు. వాళ్ళ పప్పు పలుచన, అది చిలికితే చాలు. మన పప్పు ముద్ద, దాన్ని ఒత్తాలి. కవ్వానికీ పప్పుగుత్తికీ ఉన్న తేడా రెండు భోజనాలకి ఉన్న తేడా అని నడి బజార్లో నాకు తెలిసొచ్చింది. చివరికి పప్పుగుత్తి లేకుండానే ఇంటికొచ్చాను, కవ్వం ఒకటి అదనంగా చేరింది.

అలాగని ఇక్కడి వంటిల్లు మనకి పరాయిదేం కాదు. మన చేట ఇక్కడ సూపా. మన తిరగలి జాతా. రోకలి మూసర్. కత్తిపీటని పల్లెల్లో పహసుల్ అంటారు. మన చద్దన్నం ఇక్కడ బోరే బాసీ, దానికి బట్కీ అనే కంచు గిన్నె కావాలి. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున ఉప్పూ ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని, మే నెల ఎండని ఎదుర్కోవడానికి రైతు తాగి పోయేది అదే. 2022లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మేడే నాడు బోరే బాసీ తినమని పిలుపిస్తే అధికారులంతా బట్కీలు పట్టుకుని ఫొటోలు దిగారు. మా మామ్మగారికి అది వింతే. “సద్దన్నం తింటే ఫొటో తీస్తారేటి?” అన్నారు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడికీ కంచుకీ పేరున్న ఊరు. అక్కడి కంచు గిన్నెనీ ఇక్కడి బట్కీనీ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల పిల్లల్లా ఉంటాయి. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుంది, కళాయి కావాలి. కంచుకి ఆ బెడద తక్కువ. పులిసిన అన్నానికి కంచునే ఎంచుకోవడంలో రెండుచోట్లా ఒకే తెలివి పని చేసింది.

ఇంకో చుట్టరికం ఆవిరి దగ్గర బయటపడింది. ఇక్కడ ఫరా అని చేస్తారు. బియ్యప్పిండిలో వండిన అన్నం కలిపి, వేళ్ళంత పొడుగున చేసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఒకసారి పొరుగింటి ఛత్తీస్‌గఢీ అత్తగారు చేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. గిన్నెలో సగానికి నీళ్ళు పోసి, మూతి మీద తడిపిన పల్చటి గుడ్డ పరిచి, అంచు కింద తాడు బిగించి కట్టింది. గుడ్డ డోలు మీద చర్మంలా బిగుసుకోకుండా, నడుమ కొంచెం గుంట పడేలా వేలితో నొక్కింది. దాని మీద ఫరాలు పేర్చి, పైన ఇంకో గిన్నె బోర్లించింది. అరె, ఇది వాసెన! మా నాయనమ్మ ఆవిరి కుడుములకి సరిగ్గా ఇలాగే వాసెన కట్టేది. ఇడ్లీ పళ్ళాలు వచ్చాక ఆ మాట మా ఇంట్లో వినబడ్డం మానేసింది. ఆ పని ఇంకొకరి వంటింట్లో కనబడ్డాక, ఎప్పుడో మర్చిపోయిన మాట నా నోట పైకొచ్చింది.

ఇంతవరకూ చదివి, ఇదంతా పాత సామాను మీద ప్రేమగీతం అనుకుంటే పొరపాటు. రోలు మీద కళ్ళు చెమర్చేలా రాసేవాళ్ళలో రుబ్బినవాళ్ళు తక్కువ. ఇడ్లీకి మినప్పప్పు రుబ్బాలంటే ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పిండి లోపలికి తోసుకుంటూ, వంగిన నడుం వంగినట్టే ముప్పావుగంట. పదిమంది ఉన్న ఇంట్లో అది రోజూ ఎవరి నడుము మీద పడేదో అందరికీ తెలుసు. బస్తర్ పల్లెల్లో కాలితో తొక్కి వడ్లు దంచే ఢేంకీ ఉంది. ఆ బియ్యాన్ని ఇప్పుడు పొట్లాలు కట్టి ఆరోగ్యం పేరు మీద అమ్ముతున్నారు. తినేవాళ్ళ ఆరోగ్యం సంగతి సరే, తొక్కేవాళ్ళ మోకాళ్ళ సంగతి పొట్లం మీద రాయరు.

అందుకని మోటార్లకి నా దండం. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన రుబ్బురోలుకి మోటారు బిగించారు. 1963లో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు, ఇంట్లో భార్య మాధురి వాడే జర్మన్ మిక్సర్ మన వంటకి తట్టుకోలేక చెడిపోతే, ఎండుమిర్చికీ నానిన పప్పుకీ తాళగలిగే సుమీత్ మిక్సీ తయారుచేశారు. జపాన్‌లో 1955లో తోషిబా కంపెనీ అమ్మకానికి పెట్టిన కరెంటు రైస్ కుక్కరు వెనక యోషితాదా మినామి ఉన్నాడు. ఆయన వెనక, రోజులకి రోజులు అన్నం వండి, ఏ మంట మీద ఎంతసేపట్లో ఎలా ఉడికిందో చూసి చెప్పిన భార్య ఫుమికో ఉంది. మోటారు బిగించింది ఎవరైనా, అది వంటకి పనికొస్తుందో రాదో తేల్చింది ఇల్లాలే.

ప్రెషర్ కుక్కరు సంగతి వేరే. దానికి మూడున్నర శతాబ్దాల వయసుంది. 1679లో డెనీ పపాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎముకలు సైతం మెత్తబడే ఆవిరి గిన్నె చేసి లండన్ రాయల్ సొసైటీవారికి చూపించాడు. ఆవిరిని బంధిస్తే నీళ్ళు నూరు డిగ్రీలు దాటి ఇంచుమించు నూట ఇరవై దాకా వేడెక్కుతాయి, గంట పట్టే పప్పు పావుగంటలో ఉడుకుతుంది. మన దేశంలో కుక్కర్ల తయారీ ఊపందుకున్నది 1959 తర్వాతే. మా మేనమామ గూడ్సు గార్డు. ఆయన కుక్కరుది విజిల్ అనేవాడు కాదు, కూత అనేవాడు. “మూడో కూతకి దింపెయ్, నాలుగో కూతకి లైను క్లియర్ లేదు” అని వంటింట్లోకి కేకేసేవాడు.

ఆయన గురించే ఇంకొంచెం చెప్పాలి. గార్డులకీ డ్రైవర్లకీ వెంట ఒక ఇనప పెట్టె ఉండేది, లైన్ బాక్స్. బండి బయల్దేరే ముందు పోర్టరు దాన్ని నెత్తిన పెట్టుకొచ్చి బ్రేకు వ్యానులో ఎక్కించేవాడు. ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతిదీపం, ప్రమాదం వస్తే పట్టాల మీద పెట్టి పేల్చే డిటోనేటర్లు, రూల్సు పుస్తకం. ఇవన్నీ రైల్వే సామాను. మిగిలిన ఒక మూల మామయ్యది. గుడ్డసంచిలో రెండు పూటల బియ్యం, పొట్లంలో పప్పు, ఆవకాయ సీసా, సత్తు గిన్నె, చిన్న గరిటె, పొట్టి పిడి ఉన్న పప్పుగుత్తి. టిట్లాగఢ్‌లో బండి సిబ్బంది విడిది, రన్నింగ్ రూములో దిగి తన బియ్యం పప్పు వంటవాడికి అప్పగించేవాడు. అక్కడ ఎవరి సరుకు వాళ్ళది, వంటవాడు అందరిదీ వండి పెట్టేవాడు. కానీ పప్పు మాత్రం ఎనపకుండా తనకి ఇచ్చెయ్యమనేవాడు. నిద్రకళ్ళతో, మంచం అంచున కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని పప్పు తనే ఎనుపుకునేవాడట. ఇంట్లో ఉన్నట్టు ఉంటుందని. 2022లో రైల్వే గార్డులకి ట్రైన్ మేనేజర్లని పేరు మార్చింది, ఇనప పెట్టెల బదులు చక్రాల సంచీలు వస్తున్నాయి. మామయ్య ఉంటే సంచీలో ఆవకాయ సీసా ఎక్కడ నిలబెట్టాలని మొదట అడిగేవాడు.

ప్రయాణంలో వండుకునే తిప్పలకి పరిష్కారాలు చాలామంది వెతికారు. 1910లో కలకత్తాలో ఇందుమాధవ్ మల్లిక్ ఇక్‌మిక్ కుక్కరు తయారుచేశాడు. చూడ్డానికి టిఫిన్ క్యారియరే. అన్నం, పప్పు, కూర గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పెద్ద గొట్టం లాంటి పాత్రలో దించి, అడుగున నీళ్ళు, కింద బొగ్గు నిప్పులు. పొద్దున అంటించి పనికి పోతే, వచ్చేసరికి భోజనం సిద్ధం. స్వీడన్‌లో 1892లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ కిరసనాయిలు పొయ్యి దక్షిణ ధ్రువం దాకా పోయింది. టెన్సింగ్, హిల్లరీల బృందంతో 1953లో ఎవరెస్టు కూడా ఎక్కింది. లేహ్ వంటి చోట, మూడువేల అయిదువందల మీటర్ల ఎత్తున, నీళ్ళు ఎనభై ఎనిమిది డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, పప్పు చాలాసేపు ఉంచినా పలుకుగానే ఉంటుంది. కుక్కరు బరువే, అయినా అక్కడ గుడారం వేసుకునేవాళ్ళు దాన్ని మోసుకునే పోతారు.

అయితే నేను చూసిన గుడారపు వంటిళ్ళలో తేలికైనది భద్రాచలం దారిలో కనబడింది. సుక్మా, బీజాపూర్ వైపు నుంచి ఏటా మిరపకాయలు కోయడానికి తెలంగాణ చేలకి వచ్చే గుంపులు. చేను గట్టున నీలం పట్టా, మూడు రాళ్ళ పొయ్యి. రెండు సత్తు గిన్నెలు, ఒక గరిటె, మోదుగాకుల కట్ట. చెట్టుకొమ్మకి వేలాడుతూ సొరకాయ బుర్ర. వాళ్ళ మాటలో తుంబా. పొద్దున దాంట్లో మడియా పేజ్ పోసుకుని చేలోకి పోతారు. మడియా అంటే మన రాగులు, పేజ్ అంటే అంబలి. మధ్యాహ్నం ఎండలో కూడా అది చల్లగా ఉంటుంది. బుర్రకి మూత లేదు, ఆకుని మడిచి మూతిలో దోపింది ఒక అమ్మాయి. మిరపఘాటుకి చేతులు మండుతున్నాయేమో, బుర్రని అరచేతులతో పట్టుకోకుండా ముంజేతుల మధ్య ఇరికించుకుని తాగింది. 2020 వేసవిలో లాక్‌డౌన్‌తో బస్సులాగిపోయినప్పుడు ఇలాంటి కూలీలు ఇంత సామానూ నెత్తిన పెట్టుకుని అడవి దారుల్లో ఇళ్ళకి నడిచారు. వాళ్ళ వంటిల్లు నెత్తిన పట్టేంతే ఉంటుంది. నడవాల్సి వస్తుందని ముందే తెలిసినవాళ్ళ వంటిల్లు అది.

నా వంటిల్లు అలా లేదు. మా అటక మీద ఒక అట్టపెట్టె ఉంది. అందులో గుడ్డుని తీగలతో కోసే పెట్టె, వెల్లుల్లి నలిపే పట్టకారు, యాపిల్‌ని ఎనిమిది ముక్కలు చేసే చక్రం. కొన్న రోజు ప్రతిదీ అద్భుతమే. వెల్లుల్లి నలిపేదానికి పట్టే సమయం కన్నా దాని రంధ్రాలు కడగడానికి పట్టే సమయం ఎక్కువని రెండో రోజు తెలుస్తుంది. తాడు లాగితే కూరలు తరిగే ప్లాస్టిక్ డబ్బాని కూడా ఆ పెట్టెలోకే తోసేశాను. వేళ్ళ కీళ్ళు పట్టేసిన మా అక్కయ్య వచ్చినప్పుడు దాన్ని కిందికి దింపించింది. నాలుగు లాగులకి ఉల్లిపాయ సన్నగా తరిగి, “ఇంత మంచి వస్తువు అటకెక్కించావేరా” అని తిట్టింది. అది ఇప్పుడు గట్టు మీదే ఉంది. కత్తిపీట మాత్రం పాపం నేల మీదే ఉండిపోయింది. వంటగట్టు పైకి లేచింది, మనుషులూ దాంతో పాటు లేచి నిలబడ్డారు, కూర్చుంటే గానీ పని చెయ్యని కత్తిపీట ఒంటరిదయింది.

నాకు తోచిందేమంటే, యంత్రాలు మన దగ్గర తీసుకున్నది భుజాల పని. దంచడం, రుబ్బడం, విసరడం, ఊదుగొట్టంతో ఊపిరి పొయ్యిలో పోయడం. తీసుకుంటే తీసుకోనీ. పప్పు ఎంతలో ఆపాలి, అట్టు అంచు ఎప్పుడు లేపాలి, పోపులో ఆవాలు చిటపటలాడడం ఆగిందా లేదా అన్న లెక్క మాత్రం మణికట్టు దగ్గరే ఉండిపోయింది. చీలా, అంటే ఇక్కడి బియ్యప్పిండి అట్టు, పెనానికి అతుక్కుపోయినప్పుడు మా పొరుగింటి అత్తగారు నా అట్లకాడ అడిగి పట్టుకెళ్ళింది. దాని అంచు రాపిడికి కత్తిలా పలచబడి ఉంటుంది, కొత్తవాటికి ఆ పదును రాదు. రెండు నెలలయింది, ఇంకా తిరిగి ఇవ్వలేదు. అడగడానికి మొహమాటం.

అమెరికా వెళ్ళే పిల్లల పెట్టెల్లో చూడండి. ఇరవై మూడు కిలోల హద్దు. స్నానాలగదిలో బరువు చూసుకునే కాటా మీద పెట్టెని నిలబెట్టి, ఒకటి తీసి ఒకటి పెట్టి, తల్లీకూతుళ్ళ మధ్య బేరం. మిక్సీ కొనాలంటే అక్కడి కరెంటుకి సరిపడే నూటపది వోల్టులది వెతికి కొనాలి, ఇంట్లోది పనికిరాదు. ఇడ్లీ పళ్ళాలు చొక్కాల మధ్య దూరతాయి. పోపుల డబ్బా చుట్టూ టేపు చుడతారు. పప్పుగుత్తి ఏ మూలనో ఒదిగిపోతుంది, దాని మీద పేచీ పెట్టినవాళ్ళని నేను చూడలేదు. దానికి వోల్టేజీ గొడవ లేదు.

మహానది ఒడ్డున ఆ సాయంత్రం భోజనాలయ్యాక మామ్మగారు పప్పుగుత్తిని నది ఇసకతో తోమి, నీళ్ళలో జాడించి, గాళ్ళలో ఇసక మిగలకుండా పిన్నీసుతో గీకి ఆరబెట్టారు. వచ్చే ఏడు మర్చిపోకూడదని ఎవరో ఫోన్లో జాబితా రాసుకున్నారు, పప్పుగుత్తి అన్నిటికన్నా పైన. బస్సు ఎక్కే వేళకి తువ్వాలు పరిచి లెక్క చూసుకుంటే మూడే ఉన్నాయి. అట్లకాడ లేదు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు, పొద్దుపోతే రోడ్డు మీద లారీలు ఎక్కువవుతాయన్నాడు. ఇంకోటి కొనిస్తాం రండి మామ్మగారూ అన్నారు పెద్దలు. ఆవిడ వినిపించుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఇసకలోకి నడిచారు, వెనక మేమంతా ఫోన్ల దీపాలు పట్టుకుని. పిల్లలు మధ్యాహ్నం కట్టి వదిలేసిన ఇసక కోట నీటి అంచున సగం కూలి ఉంది. దాని అగడ్త మీద వంతెనలా పడుకుని ఉంది అట్లకాడ. ఆవిడ వంగి తీసి, ఇసక దులిపి, బొటనవేలితో అంచు తడిమి చూసుకుని బస్సెక్కారు.